హారిసన్ గిటారూ, మా రూములో పంచాయితీ

మా రూములో ఒక పంచాయితీ మూడేళ్ళ నుంచీ నడుస్తోంది. ఇంకా తీర్పు రాలేదు, వచ్చే సూచనలూ లేవు. విషయం ఏంటంటే, బీటిల్స్ లో లీడ్ గిటార్ వాయించిన జార్జ్ హారిసన్ నిజంగానే మంచి గిటారిస్టా, లేకపోతే జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ అనే ఇద్దరు మహానుభావుల పక్కన నిలబడి ఫొటోలో పడ్డ అదృష్టవంతుడా?

వంటావిడ మానేసింది, నీళ్ళ ట్యాంకరు రాలేదు, ఓనరు అద్దె పెంచుతానంటున్నాడు, ఇవన్నీ వదిలేసి 2001లో పోయిన లివర్‌పూల్ ఆయన గురించి కొట్టుకోవడమేంట్రా అని మా మూడో రూమ్మేటు తల పట్టుకుంటాడు. వాడికి ఇళయరాజా తప్ప వేరే దేవుడు లేడు కాబట్టి వాణ్ణి వదిలేద్దాం.

అవతలి పార్టీది వరంగల్. ఎలక్ట్రిక్ గిటారు ఉంది, రోజూ ఆఫీసు నుంచి రాగానే వాయిస్తాడు, బాగానే వాయిస్తాడు. గోడ మీద మెటాలికా పోస్టరు. ఇక నేను మూడు నెలలు గిటారు నేర్చుకుని ఎఫ్ కార్డ్ దగ్గర చేతులెత్తేసినవాణ్ణి. (గిటారు పట్టుకున్నవాళ్ళకి ఆ బాధేంటో తెలుసు. మిగతావాళ్ళు సుఖంగా ఉన్నారు.) అంచేత ఈ వాదనలో నా దగ్గర ఉన్నవి రెండే: చెవులు, చరిత్ర.

వాడి చార్జిషీటులో ముఖ్యంగా మూడు అంశాలు. 1964లో 'ఎ హార్డ్ డేస్ నైట్' పాటలో సోలోని టేపు సగం వేగంతో తిప్పుతూ రికార్డు చేశారు, అంటే అసలు వేగంలో వాయించడం హారిసన్ వల్ల కాలేదు. 1966లో 'ట్యాక్స్‌మాన్' పాట రాసింది హారిసన్, పాడింది హారిసన్, సోలో మాత్రం మెకార్ట్నీ వాయించాడు. 1968లో 'వైల్ మై గిటార్ జెంట్లీ వీప్స్' కూడా హారిసన్ పాటే, పేరులోనే గిటారుంది, అందులో ఏడ్చిన గిటారు మాత్రం ఎరిక్ క్లాప్టన్‌ది.

"ఏంది మామా, సొంత పాటల సోలో కొట్టనీకి వేరేటోణ్ణి పిలుచుకొచ్చిండు. ఇగ ఆయన గిటారిస్టెట్లయితడు?"

ఇది మా వరంగల్ వాడొక్కడి మాట కాదు. బీటిల్స్ అభిమానులు నలుగురు చేరిన ప్రతిచోటా, యాభై ఏళ్ళ పైనుంచీ ఇదే గొడవ. ఒక వర్గం వేగం, చేతివాటం, అప్పటికప్పుడు అల్లుకుపోయే శక్తి చూస్తుంది. ఇంకో వర్గం పాటకి ఏది కావాలో అది చూస్తుంది. మొదటివాళ్ళకి హారిసన్ మామూలు వాద్యగాడు, రెండోవాళ్ళకి ఋషి. ఇద్దరూ కాస్త అతి చేస్తారని నా అనుమానం.

ముందే ఒప్పేసుకుంటున్నా, పై మూడు ఆరోపణల్లో వాస్తవాలు వాస్తవాలే. నా గొడవల్లా ఏ కొలబద్ద పెట్టి కొలుస్తున్నాం, ఆ కొలబద్ద ఎప్పుడు పుట్టింది అన్నదాని మీదే.

కాస్త వెనక్కి వెళ్దాం. హారిసన్ 1943లో లివర్‌పూల్లో పుట్టాడు. తండ్రి బస్సు డ్రైవరు. మొదటి గిటారు మూడు పౌండ్ల పది షిల్లింగులకి కొన్న సెకండ్ హ్యాండు సరుకు. మెకార్ట్నీ పరిచయం అయ్యింది కూడా స్కూలుకెళ్ళే బస్సులోనే. 1958లో మెకార్ట్నీ ఈ పిల్లాణ్ణి లెనన్ దగ్గరికి తీసుకెళ్ళాడు. పదిహేనేళ్ళు నిండీ నిండని కుర్రాణ్ణి బృందంలో పెట్టుకోవడం లెనన్‌కి ఇష్టం లేదు. అప్పుడు డబుల్ డెక్కర్ బస్సు పై అంతస్తులో హారిసన్ 'రాంచీ' అనే వాద్య గీతాన్ని పొల్లుపోకుండా వాయించి వినిపించాడు. ఉద్యోగం వచ్చేసింది. (మన ఊరు రాంచీ కాదండోయ్, అప్పట్లో హిట్టయిన ఒక గిటారు ముక్క పేరు.)

ఈ బస్సు ఇంటర్వ్యూ నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తుంది. అక్కడ పరీక్షించింది కల్పనా స్వరాలు వేయగలడా అని కాదు, రికార్డులో ఉన్నది ఉన్నట్టు, స్వరం తప్పకుండా వాయించగలడా అని. హారిసన్ పెరిగింది కార్ల్ పెర్కిన్స్, చెట్ ఆట్కిన్స్, ఎల్విస్ దగ్గర వాయించిన స్కాటీ మూర్ లాంటివాళ్ళని వింటూ. రెండున్నర నిమిషాల పాటలో మధ్యన దొరికే ఇరవై సెకన్లలో చెప్పాల్సింది చెప్పి పక్కకి తప్పుకునే రకం వాళ్ళంతా. లీడ్ గిటారిస్టు ఉద్యోగమంటే అప్పట్లో అదే.

ఆ ఉద్యోగం ఎలా చేశాడో చూడండి. 1963 ఫిబ్రవరి 11న ఒక్క రోజులో పది పాటలు రికార్డు చేసి మొదటి ఎల్పీ పూర్తి చేశారు. రీటేకులకి టైముండదు, డబ్బుండదు. అదే ఏడాది రెండో ఎల్పీలో 'టిల్ దేర్ వజ్ యూ' అనే పాట ఉంది, నైలాన్ తీగల గిటారు మీద చిన్న సోలో. ఇది నేను మా వాడికి కావాలని వినిపిస్తాను. ఒక్క స్వరం ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. 1964 ఫిబ్రవరి 9న అమెరికాలో ఎడ్ సలివన్ షోలో సుమారు ఏడు కోట్ల ముప్ఫై లక్షల మంది టీవీలో చూస్తుండగా ఇదే పాట వాయించాడు. అంతకు ముందు రోజు గొంతునొప్పీ జ్వరంతో హోటల్లో మంచం మీద ఉన్నాడు. వయసు ఇంకా ఇరవై ఒకటి నిండలేదు. ఆ వయసులో నేను వైవాలో నా ప్రాజెక్టు పేరు మర్చిపోయాను.

ఆ ట్రిప్పులోనే రికెన్‌బ్యాకర్ కంపెనీ వాళ్ళు ఆయనకి పన్నెండు తీగల ఎలక్ట్రిక్ గిటారు ఒకటి ఇచ్చారు, వాళ్ళు తయారు చేసినవాటిలో రెండోది. అదే 'ఎ హార్డ్ డేస్ నైట్' మొదట్లో ఠంగుమని మోగే ఆ ఒక్క కార్డ్. ఆ కార్డ్‌లో ఏయే స్వరాలున్నాయనేది ఇంకో నలభై ఏళ్ళ పంచాయితీ. కెనడాలో డల్‌హౌసీ విశ్వవిద్యాలయం గణితం ప్రొఫెసరు జేసన్ బ్రౌన్ 2000ల్లో ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ పెట్టి మరీ విడదీసి, గిటార్లతోపాటు నిర్మాత జార్జ్ మార్టిన్ పియానో కూడా అందులో ఉందని తేల్చాడు. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ పేపరు ఇలాంటి ప్రశ్నలతో ఇచ్చి ఉంటే నాకు ఆ సబ్జెక్టు బ్యాక్‌లాగ్ అయ్యేది కాదు :)

సగం వేగం సోలో సంగతి కూడా ఇక్కడే. గిటారుతోపాటు జార్జ్ మార్టిన్ పియానో అదే వరసని జోడుగా వాయించాలి. టేపుని సగం వేగంతో తిప్పుతూ ఇద్దరూ వాయించారు. మామూలు వేగంతో వింటే స్థాయి ఒక ఆక్టేవ్ పైకి వెళ్ళి, గిటారూ పియానో కలిసిపోయి ఏ వాద్యమో చెప్పలేని ధ్వని వచ్చింది. అలా చెయ్యడంలో వాయించే కష్టం తగ్గింది, నిజమే. కానీ ఆ ధ్వని వేరే దారిలో వచ్చేది కాదు. 1965లో హాలీవుడ్ బౌల్ కచేరీ రికార్డింగులో అదే సోలోని వేదిక మీద అసలు వేగంతోనే వాయించాడు. అక్కడ టేపు ఎవరూ తిప్పలేదు. జనం అరుపుల్లో తమ వాద్యం తమకే వినబడని రోజులవి.

ఆ సినిమా చూసి అమెరికాలో రోజర్ మగ్విన్ పన్నెండు తీగల గిటారు పట్టుకున్నాడు, 1965లో బర్డ్స్ బృందం 'మిస్టర్ టాంబొరిన్ మ్యాన్' కొట్టింది, ఒక సంగీత ధోరణే మొదలైంది. అదే ఏడాది హారిసన్ తిరిగి మగ్విన్ వరసని తీసుకుని 'ఇఫ్ ఐ నీడెడ్ సమ్‌వన్' చేశాడు, ఆ సంగతి దాచుకోలేదు కూడా.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. 1966 ఎండాకాలం, తేదీలు కాస్త ఓపిగ్గా చూడండి.

జులైలో జాన్ మాయల్ బృందంతో క్లాప్టన్ వాయించిన ఎల్పీ వచ్చింది. లెస్ పాల్ గిటారు, మార్షల్ ఆంప్లిఫైయరు, చెవులు పగిలే శబ్దం. లండన్లో ఒక గోడ మీద క్లాప్టనే దేవుడని ఎవరో రాసిన రాత ప్రసిద్ధి కెక్కింది కూడా ఆ కాలంలోనే. అదే జులై చివర్లో క్లాప్టన్ కొత్త బృందం క్రీమ్ కచేరీలు మొదలుపెట్టింది. ఆగస్టు 5న బీటిల్స్ 'రివాల్వర్' విడుదలైంది. ఆగస్టు 29న శాన్ ఫ్రాన్సిస్కోలో బీటిల్స్ టూర్లకి ఆఖరి కచేరీ. సెప్టెంబరు మధ్యలో హారిసన్ బొంబాయిలో దిగాడు, రవిశంకర్ దగ్గర సితార్ నేర్చుకోడానికి. సెప్టెంబరు 24న జిమీ హెండ్రిక్స్ లండన్లో దిగాడు.

అదీ సంగతి. గిటారిస్టు అంటే బృందంలో ఒకడు కాదు, వేదిక మధ్యలో నిలబడే దేవుడు అనే కొలబద్ద తయారైంది సరిగ్గా ఆ నెలల్లో. ఇరవై సెకన్ల సోలో కాస్తా పది నిమిషాలైంది. క్రీమ్ వాళ్ళ 1968 నాటి 'వీల్స్ ఆఫ్ ఫైర్'లో కచేరీ పాట ఒక్కటే పదహారు నిమిషాలు దాటుతుంది. ఈ పోటీ పరీక్షకి సిలబస్ రాస్తున్నప్పుడు హారిసన్ కాశ్మీరులో హౌస్‌బోటులో కూచుని, కాళ్ళు లాగేస్తుంటే, సరిగమలు సాధన చేస్తున్నాడు. గిటారు ముట్టుకోవడం దాదాపు మానేశాడు. తర్వాత అభిమానులు ఆయన్ని హెండ్రిక్స్ పక్కన నిలబెట్టి మార్కులు వేస్తున్నారు. పరీక్షకి హాజరు కానివాణ్ణి తప్పాడనడం లాంటిది ఇది.

మా వాడు దీనికి అడ్డుపడ్డాడు. "గట్లయితే మెకార్ట్నీ ఎట్ల కొట్టిండు ట్యాక్స్‌మాన్ సోలో? ఆయన బాసు వాయించేటోడు!" మంచి ప్రశ్నే. 1966 ఏప్రిల్లో ఆ సోలో హారిసన్‌కి అనుకున్నట్టు రాలేదు, మెకార్ట్నీ గిటారు తీసుకుని విసురుగా వాయించేశాడు. అది అద్భుతమైన సోలో, దాని గురించి నేను వాదించను. హారిసన్ కూడా వాదించలేదు. మెకార్ట్నీ వాయించినందుకు సంతోషమేననీ, తన కోసం అందులో కాస్త భారతీయ పోకడ కూడా పెట్టాడనీ 1987లో చెప్పాడు. అప్పటికప్పుడు అల్లడం హారిసన్ బలం కాదు, ఇది నేను ఒప్పుకోక తప్పదు. ఇంట్లో కూచుని సోలోని పాటలాగే కట్టుకోవాలి, మార్చాలి, మళ్ళీ కట్టాలి. అది ఆయన పద్ధతి.

ఆ పద్ధతి ఎంత దూరం వెళ్ళిందో అదే 'రివాల్వర్'లో 'ఐ యామ్ ఓన్లీ స్లీపింగ్' వింటే తెలుస్తుంది. గిటారు వెనక్కి నడుస్తున్నట్టు వినిపిస్తుంది. టేపు తిప్పేసి ఏది వస్తే అది పెట్టుకోవడం కాదు. చివరికి ఏం వినబడాలో ముందు ఆ వరస కట్టి, దాన్ని తలకిందులుగా నేర్చుకుని, చివరి స్వరం నుంచి మొదటిదాకా వాయించి, అప్పుడు టేపు తిప్పారు. ఇలా రెండు గిటారు వరసలు. గంటల తరబడి పట్టింది, స్టూడియో ఇంజనీరుకి ప్రాణం విసిగిపోయింది. ఒక స్ట్రింగుని రివర్స్ చేసే ప్రోగ్రాం మనందరం ఇంటర్వ్యూల్లో రాసినవాళ్ళమే. వేళ్ళతో రాసి చూడమనండి.

సితార్ కథ మనవాళ్ళకి తెలిసిందే కాబట్టి క్లుప్తంగా. 1965లో 'హెల్ప్' సినిమా సెట్లో మొదటిసారి చేతిలోకి తీసుకున్నాడు, లండన్ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్లో ఒక కొట్లో చవకది కొన్నాడు, ఆ ఏడాది చివర్లో 'నార్వీజియన్ వుడ్'లో వాయించాడు. అది నేర్చుకుని వాయించింది కాదు, ఉత్సాహం కొద్దీ వాయించింది. 1966 జూన్లో రవిశంకర్ పరిచయమయ్యాకే అసలు చదువు. పాఠం మధ్యలో ఫోను మోగితే హారిసన్ సితార్ని దాటుకుంటూ వెళ్ళబోయాడట. రవిశంకర్ కాలి మీద ఒక్కటి వేసి, వాద్యాన్ని గౌరవించడం ముందు నేర్చుకో అన్నాడట. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే మనకి ఈ కథ వివరించక్కర్లేదు.

1967 జూన్ 4న లండన్ సావిల్ థియేటర్లో ఒక కచేరీ జరిగింది. 'సార్జెంట్ పెప్పర్' విడుదలై మూడు రోజులైనా సరిగ్గా కాలేదు, హెండ్రిక్స్ ఆ పాటతోనే కచేరీ మొదలుపెట్టాడు. ప్రేక్షకుల్లో మెకార్ట్నీ, హారిసన్ ఇద్దరూ ఉన్నారు. తాను సితార్ ముందేసుకుని కూచున్న ఏడాదిలో గిటారు ఎక్కడికెళ్ళిపోయిందో హారిసన్ కళ్ళారా చూశాడన్నమాట. ఆ ఎల్పీలో ఆయన స్వంత ముద్ర ఉన్నది 'వితిన్ యూ వితౌట్ యూ'లో. అందులో లండన్లోని భారతీయ వాద్యకారులు వాయించారు, మిగతా బీటిల్స్ ఎవరూ లేరు, రాక్ గిటారూ లేదు.

1968లో న్యూయార్కు హోటల్లో క్లాప్టన్‌నీ హెండ్రిక్స్‌నీ కలిశాక, ఇక తాను గొప్ప సితార్ విద్వాంసుడు కావడం జరిగే పని కాదనీ, పదిహేనేళ్ళ ముందే మొదలుపెట్టి ఉండాల్సిందనీ తేల్చుకుని గిటారు దగ్గరికి తిరిగొచ్చాడు. ఇరవై అయిదేళ్ళ మనిషి. రెండు పడవల మీద కాలు పెట్టి, రెండోదాన్నుంచి దిగేసరికి మొదటిది రేవు దాటిపోయింది.

అందుకే 1968 సెప్టెంబరు 6న క్లాప్టన్‌ని స్టూడియోకి తీసుకెళ్ళడాన్ని చేతకానితనం అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ పాటని వారాల తరబడి రకరకాలుగా ప్రయత్నించారు, మిగతా ముగ్గురికీ దాని మీద పెద్దగా ఆసక్తి లేదు. బీటిల్స్ రికార్డుల్లో బయటివాళ్ళెవరూ గిటారు వాయించరని క్లాప్టన్ వెనకాడితే, ఇది నా పాట అన్నాడు హారిసన్. గదిలోకి కొత్తమనిషి వచ్చేసరికి అందరూ బుద్ధిగా కూచుని వాయించారు. ఇంట్లో కొట్టుకునే అన్నదమ్ములు చుట్టాలు రాగానే నోరు మూసుకున్నట్టు. సోలో మరీ క్లాప్టన్‌లా ఉందని తర్వాత దాన్ని యంత్రంతో కాస్త వణికించారు కూడా, బీటిల్స్ పాటలా వినిపించడానికి. సొంత పాటలో సోలో వదులుకోవడం చిన్న విషయమేం కాదు. ఆ పాట నిలబడాలంటే ఏం కావాలో ఆయనకి తెలుసు.

అదే ఏడాది జులైలో 'హే జూడ్' రిహార్సల్లో మెకార్ట్నీ పాడే ప్రతి వాక్యానికీ హారిసన్ గిటారుతో జవాబు వేయబోతే, వద్దన్నాడు మెకార్ట్నీ. విని చూడండి, మెకార్ట్నీదే రైటు. కానీ వద్దనిపించుకున్న మనిషికి ఎలా ఉంటుంది? 1969 జనవరి 6న కెమెరాల ముందే ఇద్దరికీ మాటొచ్చింది, ఈ పాత సంగతి కూడా ఎత్తారు. నువ్వు ఏం వాయించమంటే అదే వాయిస్తా, వద్దంటే అసలు వాయించనే వాయించను అనే అర్థం వచ్చేలా అన్నాడు హారిసన్. గొంతు పెంచకుండా. 10వ తారీఖున బృందం వదిలి వెళ్ళిపోయాడు, పదిరోజులు దాటాక మళ్ళీ వచ్చాడు. 2021లో పీటర్ జాక్సన్ తీసిన 'గెట్ బ్యాక్'లో ఇదంతా ఉంది. అది చూస్తున్న రాత్రే మా వాడు అడిగాడు, "నీకెందుకు మామా అంత మంట, ఆయనేమన్న మీ చుట్టమా?" అని.

చెప్పేశా. ఆ వారమే నా అప్రైజల్ అయింది. పని బాగుంది గానీ కనబడవు, విజిబిలిటీ పెంచుకో అన్నాడు మేనేజరు. రెండు సంవత్సరాలుగా రాత్రిపూట పడిపోయే ఒక జాబుని పడకుండా చూస్తున్నది నేను. పడితే అందరికీ కనబడుతుంది, పడకపోతే ఎవరికి కనబడుతుంది? మా వాడు ఏమీ అనలేదు, లేచి వెళ్ళి టీ పెట్టుకొచ్చాడు. వాదనలో మార్కులు మాత్రం వెయ్యలేదు.

నా దగ్గర ఇంకో సాక్ష్యం ఉంది. హారిసన్ గిటారిస్టే కాదన్న ఈ పెద్దమనిషి పొద్దున్నే గడ్డం గీసుకుంటూ కూనిరాగం తీస్తుంటాడు. ఒకరోజు చెవి పెట్టి విన్నా. 1969 నాటి 'సమ్‌థింగ్' పాటలో సోలో! పాట కాదు, సోలో. మొదటి స్వరం నుంచి చివరిదాకా. ఆ సోలోని ఆగస్టులో వాయిద్యబృందం తీగలు వాయిస్తుండగా వాళ్ళతోపాటే హారిసన్ వాయించాడు. దానికి మాటలు రాస్తే ఇంకో పాటవుతుంది. మెటాలికా సోలో ఒకటి కూనిరాగం తియ్యి చూద్దాం అన్నాను. వాడు నోటితో చేసిన ధ్వనికి పక్క ఫ్లాటు కుక్క మొరిగింది.

బీటిల్స్ విడిపోయే రోజుల్లో జరిగిన ఒక చిన్న సంగతి నాకు అన్నిటికన్నా ఇష్టం. 1969 డిసెంబరులో హారిసన్ డిలేనీ అండ్ బానీ అనే అమెరికన్ బృందంతో కచేరీలకి వెళ్ళాడు. తనెవరో ప్రకటించుకోకుండా, వెనక వరసలో నిలబడి. ఆ టూరులో ఒక పాటకి స్లైడ్ గిటారు వాయించాల్సి వచ్చింది. అంటే వేలికి గాజు గొట్టం తొడుక్కుని, మెట్ల మధ్య నొక్కకుండా తీగ మీద జార్చడం. మన గోటువాద్యం చూసినవాళ్ళకి ఈ కిటుకు కొత్త కాదు. గిటారు పట్టి పన్నెండేళ్ళు దాటాక ఆయన తన గొంతు ఏదో కనుక్కున్నది అక్కడే.

1970 నవంబరులో మూడు ఎల్పీల 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్' వచ్చింది. 'మై స్వీట్ లార్డ్' మొదట్లో వినిపించే ఆ రెండు జంట గిటార్ల జారుడు ఆ సాధన ఫలమే. స్లైడ్ గిటారు బ్లూస్ వాళ్ళ సొత్తు, వాళ్ళ చేతిలో అది ఏడుస్తుంది, గర్జిస్తుంది. హారిసన్ చేతిలో పాడుతుంది. స్వరం దగ్గరికి కింద నుంచి వచ్చి, సరిగ్గా శ్రుతిలో ఆగి, చిన్నగా కదిలి, ఇంకో స్వరంలోకి జారుతుంది. సంగీతం క్లాసులో జారు, గమకం అని చెప్పేవి గుర్తుకొస్తాయి. సితార్‌లో తీగని పక్కకి లాగి తీసే మీండ్‌ని మూడేళ్ళు వేళ్ళు కోసుకుని నేర్చుకున్నాడు కదా. సితార్ వదిలేశాడు గానీ, అది ఆయన్ని వదల్లేదు. కాశ్మీరులో వృథా అయిందనుకున్న కాలం ఇక్కడ వడ్డీతో సహా తిరిగొచ్చింది. ఇది హెండ్రిక్స్ వాయించలేనిదని కాదు, హెండ్రిక్స్ వాయించాలనుకోనిది.

అక్కణ్ణుంచి ఎక్కడ విన్నా రెండు స్వరాల్లో గుర్తుపట్టొచ్చు. 1971లో లెనన్ 'ఇమాజిన్' ఎల్పీలో వాయించాడు, అదే ఏడాది బాడ్‌ఫింగర్ వాళ్ళ 'డే ఆఫ్టర్ డే'లో. 1978లో పుట్టిన కొడుక్కి సప్తస్వరాల్లో చివరి రెండూ కలిపి ధని అని పేరు పెట్టుకున్నాడు. చనిపోయాక 2002లో ధని, జెఫ్ లిన్ కలిసి పూర్తిచేసి విడుదల చేసిన 'బ్రెయిన్‌వాష్డ్'లో 'మార్వా బ్లూస్' అని ఒక వాద్య గీతం ఉంది. మార్వా రాగ లక్షణాలు సరిపోయాయా లేదా అని పరీక్ష పెట్టకండి. దీపాలార్పేసి వినండి. దానికి 2004లో గ్రామీ వచ్చింది.

ఇక లిస్టుల సంగతి. రోలింగ్ స్టోన్ పత్రిక 2003లో వందమంది గొప్ప గిటారిస్టుల జాబితా వేస్తే హారిసన్‌ది 21వ స్థానం. 2011లో మళ్ళీ వేస్తే 11. మనిషి పోయింది 2001 నవంబరు 29న. ఒక్క స్వరం కూడా వాయించకుండా పది ర్యాంకులు మెరుగుపడిన విద్యార్థి చరిత్రలో ఈయనొక్కడే అనుకుంటా. రెండుసార్లూ మొదటి స్థానం హెండ్రిక్స్‌దే.

2003 జాబితాలో అసలు పేరే లేని వాళ్ళలో ప్రిన్స్ ఒకడు. 2004 మార్చిలో హారిసన్‌ని ఒంటరి కళాకారుడిగా రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చిన రాత్రి, టామ్ పెట్టీ, జెఫ్ లిన్, స్టీవ్ విన్‌వుడ్, ధని కలిసి 'జెంట్లీ వీప్స్' వాయించారు. మొదటి సోలో లిన్ బృందంలోని గిటారిస్టు క్లాప్టన్ వాయించినట్టే పద్ధతిగా వాయించాడు. చివర్లో పక్కన ఎర్ర టోపీ పెట్టుకుని నిలబడ్డ ప్రిన్స్ ముందుకొచ్చాడు. తర్వాత మూడు నిమిషాలు ఏం జరిగిందో మాటల్లో చెప్పలేను. వెనక్కి పడిపోతూ వాయించాడు, చివరికి గిటారుని పైకి విసిరేసి చూడకుండా వెళ్ళిపోయాడు, ఆ గిటారు కింద పడినట్టు వీడియోలో కనబడదు. మా వాడు దీన్ని నెలకోసారి పెడతాడు, ఇదీ గిటారు అంటే అని. నేను మాత్రం ధని మొహం చూస్తా. చిన్నపిల్లాడిలా నవ్వుతుంటాడు. వాళ్ళ నాన్న పాట ఆ హంగామా అంతా మోసి, చెక్కుచెదరకుండా నిలబడింది.

నా ఆఖరి అస్త్రం 2023ది. లెనన్ ఇంట్లో పాడుకున్న ఒక పాత టేపుని 1995లో మిగిలిన ముగ్గురూ పూర్తిచెయ్యాలని మొదలుపెట్టి వదిలేశారు. లెనన్ గొంతుని పియానో నుంచి కంప్యూటరుతో విడదీశాక, 2023 నవంబరులో 'నౌ అండ్ దెన్'గా వచ్చింది. హారిసన్ 1995లో వాయించిన గిటారు అందులో ఉంది, సోలో లేదు. ఆ ఖాళీ మెకార్ట్నీ పూరించాడు. ఎనభై దాటిన మెకార్ట్నీ, హే జూడ్‌లో వద్దన్న మెకార్ట్నీ, వేలికి స్లైడ్ తొడుక్కుని, అచ్చంగా హారిసన్ పద్ధతిలో వాయించాడు, ఆయనకి నివాళిగా. ట్యాక్స్‌మాన్‌లో హారిసన్ కోసం కాస్త భారతీయ పోకడ పెట్టిన 57 ఏళ్ళకి.

ఈ సోలో రెండుసార్లు వినిపించి, ఇప్పుడేమంటావు అని మా వాడి మొహంలోకి చూశా. చాలాసేపు ఆలోచించాడు. పట్టుకున్న గిటారు పక్కన పెట్టాడు. గెలిచేశాననుకున్నా.

"మస్తుంది మామా. గానీ... గిది కూడా ఆయన కొట్టలే కదా!"